డ్రిల్లు టీచరు పరుగు

ఈల వేస్తే చాలు పిల్లలంతా వరస కట్టే ఆ డ్రిల్లు టీచరు, బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు అదే బడి మైదానంలో నడవడానికి వచ్చింది. వంగి బూట్ల తాళ్ళు కట్టుకునేసరికే ఆయాసం వచ్చేది. నాలుగడుగులు పరిగెత్తి నిలబడిపోయేది. ఎవరైనా చూస్తున్నారేమోనని జుట్టు ముడి సరిచేసుకుంటున్నట్టు నటించేది. సెలవు అయిపోవస్తోంది. పరిగెత్తలేని డ్రిల్లు టీచరు మాట పిల్లలు వింటారా అన్నదే ఆమె దిగులు. "ఇంకా ఒళ్ళు గట్టిపడనే లేదు, అప్పుడే ఈ గంతులేంటమ్మా?" అని సణుగుతూనే అత్తగారు మనవరాలిని చంకనేసుకుని రోజూ తోడు వచ్చేది. మాటల్లో పడి ఒక్కోసారి కోడలిని దాటి ముందుకు పోయేది కూడా.

ఒక ఉదయం భర్త కూడా వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. ఆమె మెల్లగా పరుగు మొదలుపెట్టింది. గోల్‌పోస్టు దాటింది, నీళ్ళ కుళాయి దాటింది, నడుం పట్టెయ్యలేదు. ఇంతలో వెనక రొప్పు వినిపించి తల తిప్పింది. చెప్పులు చేత పట్టుకుని అత్తగారు పరిగెత్తుకొస్తోంది. కోడలు ఆగబోయింది.

"పాపకేమైనా అయిందా అత్తయ్యా?"

"దానికేం, వాళ్ళ నాన్న భుజం మీద హాయిగా నిద్రపోతోంది. రోజూ నిన్ను చూసి చూసి నాకూ కాళ్ళు ఊరుకోలేదు. నువ్వు ఆగకు, నువ్వాగితే నేనూ ఆగిపోతాను."

నవ్వితే ఊపిరి అందదని తెలిసీ ఆమె నవ్వేసింది. "చేతులు ఊపండి అత్తయ్యా, గడ్డం పైకెత్తండి" అంది, బళ్ళో పిల్లలకు చెప్పే గొంతుతో. అత్తగారు చెప్పులతోనే చేతులు ఊపుతూ గడ్డం పైకెత్తింది.