ప్రమీల లేని శనివారాలు

దమ్మపేట దగ్గరి ఒక హైస్కూలుకు ప్రమీల హెడ్‌మాస్టర్. తండాలో పుట్టి, మిరప చేలల్లో మండిన చేతులతోనే పలక పట్టిన మనిషి. యాభై దగ్గరపడుతుండగా ఆమెకు పీహెచ్‌డీ పిచ్చి పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ చదివే హెడ్‌మాస్టర్ల కోసమే పెట్టిన కోర్సు అది. ప్రతి శనివారం ఖమ్మంలో క్లాసు. ఆమె ఎంచుకున్న అంశం, పిల్లల హాజరులో హెడ్‌మాస్టర్ పాత్ర.

ఆ పాత్ర ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. మిరప కోతల కాలంలో మేస్త్రీ బండి కూలీలను, వాళ్ల వెంట బడి పిల్లలను కూడా, దూరపు చేలకు ఎక్కించుకుపోయేది శనివారం సాయంత్రమే. అంతకుముందే ప్రమీల తండాకు వెళ్లి, ఇంటింటా కూర్చుని, లంబాడీలోనే నాలుగు చీవాట్లు పెట్టి, పిల్ల బట్టల మూట తన చేతికి తీసుకునేది. మూట మేడం చేతికి వెళ్లిందంటే పిల్ల బడిలోని హాస్టల్లో ఉన్నట్టే. ఆపైన కన్నతండ్రి కూడా మాట్లాడేవాడు కాదు.

ఈ శనివారం ఆమె తన పరిశోధన గురించి కమిటీ ముందు చెప్పాలి. ఉదయం నుంచి కాలుకాలిన పిల్లిలా కాలేజీ వరండాలో తిరుగుతోంది. పదకొండింటికి బడి నుంచి టీచర్ వనజ ఫోన్ చేసింది.

“మేడం, భద్రు బిడ్డ జమ్లికి గూడ మూట కట్టిండ్రు. బండి నాలుగింటికి వస్తదంట.”

“జర ఆపు వనజా, టెన్త్ పిల్ల అది!”

“నా మాట ఎవరింటరు మేడం?”

అప్పుడే లోపలికి పిలిచారు. గైడ్ జస్టిన్ సార్ తెర మీద ఆమె బడి హాజరు గీత చూసి నొసలు ముడిచాడు. “ఈ రెండు నెలలు హాజరు ఇంతగా ఎందుకు పడిపోయిందమ్మా? ఇవి తీసేయండి, మిగతాదంతా బాగుంది.”

ప్రమీల ఆ గీత వంక చూసింది. తాను గీసిందే, ఇన్నాళ్లూ సరిగా చూడనిదే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, బడి హాజరంతా కొలిచిన మనిషి తన గైర్హాజరు మరిచింది. సిగ్గుతో ముఖం మండిపోయింది.

“తీసెయ్యద్దు సార్. నేను చెప్పాలనుకున్నదంతా అండ్లనే ఉంది. గా మిరప కోతల శనివారాలన్నీ నేను ఈడ కూసున్న.”

సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగి ఆమె ప్రాణం తీసింది. తండాకు చేరేసరికి బండి స్టార్ట్ చేసి ఉంది. మూటల మధ్య జమ్లి కూర్చుని ఉంది.

ప్రమీల రొప్పుతూ చేయి చాచింది. “మూట ఇటియ్యి.”

భద్రు పక్కకు జరిగాడు. జమ్లి మూట అందించి, చెంగున కిందికి దూకింది.

“ఇయ్యాల శనివారం గద మేడం” అంది. “మీరు రారనుకొని ఎక్కిన.”