రంగం మామ్మ చేతి దెబ్బ

నా చిన్నప్పుడు పిఠాపురంలో మా పక్కింటి మామ్మగారిని అందరూ రంగం మామ్మ అనేవారు. రంగూన్‌ని మా వైపు పాతకాలం వాళ్ళు రంగం అంటారు. ఆవిడ అక్కడే పుట్టి పెరిగి, బర్మా నుంచి మనవాళ్ళంతా వచ్చేసినప్పుడు ఓడెక్కి వచ్చేశారట. నేను చెప్పేది ఇంటింటికీ టీవీలు వచ్చేసిన రోజుల మాట. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి. వెదురుపుల్లలా ఉండేవారు.

రోజూ తెల్లవారగానే పెరట్లో ఒక్కటే పని చేసేవారు. ఒక పిడికిలి బొడ్డు దగ్గర నుంచి నోటి ముందుకు లేచేది. రెండో చెయ్యి దాని మీదుగా వచ్చి, అరచెయ్యి విచ్చుకుని, అడుగు నేలకి తగిలే క్షణంలోనే కిందికి దిగేది. మళ్ళీ అటు చెయ్యి, అటు అడుగు. చూసినవాళ్ళు చాదస్తం అనుకునేవారు. నేను అడిగితే చెప్పారు. రంగంలో ఎదురింటి చీనా తాత నేర్పాడట. దాన్ని పీ చువాన్ అంటారట, చీల్చే దెబ్బ. కట్టె మీద గొడ్డలి పడ్డట్టు పడాలి. ఆ చీనా యుద్ధవిద్యలో దెబ్బలన్నిటికీ అదే ఓనమాలట.

"చెయ్యి కొట్టదే అమ్మాయీ, ఒళ్ళంతా కొడుతుంది. కోపంతో భుజం బిగిసిందా, చెడిపోతుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది.

ఆవిడ కొడుకుని నేను బాబాయిగారు అనేదాన్ని. ఊళ్ళో మంచి పేరున్న మనిషి. ఎవరింట పెళ్ళయినా ముందుండేవారు. తాగుడు లేదు. ఇంట్లో మాత్రం పిన్ని మీద చెయ్యి చేసుకునేవారు. గోడ ఇవతలకి అంతా వినబడేది. మామ్మగారు ఏళ్ళ తరబడి కొడుకుని బతిమాలడమే నేను విన్నాను.

ఒక ఆదివారం పొద్దున్న పెరుగుతోడు కోసం గిన్నె పట్టుకుని వెళ్ళాను. తనని అడక్కుండా కుట్టుమిషను నేర్చుకోవడానికి చేరిందని బాబాయిగారు వసారాలో పిన్ని మీద అరుస్తున్నారు. చెయ్యెత్తారు. మామ్మగారు మధ్యలోకి వచ్చి, "ఒద్దు నాన్నా" అన్నారు.

"నువ్వు తప్పుకోవే అమ్మా!" అంటూ ఆయన ముందుకొచ్చారు.

తర్వాత జరిగింది నా కళ్ళకి అందలేదు. ఎత్తిన చేతిని ఆవిడ పిడికిలి పక్కకి తోసింది. రెండో అరచెయ్యి ఆయన రొమ్ము మీద పడింది. అంత మనిషీ వెనక్కి వెళ్ళి వడ్ల బస్తాల మీద కూలబడ్డారు. నోరు తెరుచుకుంది గాని ఊపిరి రాలేదు. నా చేతిలో గిన్నె ఎప్పుడు జారిందో తెలీదు. కన్నతల్లి కొడుకుని కొట్టడమా! ఈ చేతినా నేను చూసి నవ్వింది! పిన్ని గోడకి అతుక్కుపోయి ఉంది. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగుతోంది.

ముందుగా కదిలింది మామ్మగారే. కొడుకు పక్కన కూర్చుని, ఊపిరి అందేదాకా వీపు నిమిరారు.

"నీ మీద పడుతుందని కలలో కూడా అనుకోలేదురా" అన్నారు. కళ్ళు తుడుచుకుని, అదే గొంతుతో, "మళ్ళీ నువ్వు చెయ్యెత్తితే మళ్ళీ పడుతుంది" అన్నారు.

ఆయన మనసు మారిందో లేదో నాకు తెలీదు. చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు. పిన్ని కుట్టుపని నేర్చుకుంది, వీధి వసారాలోనే మిషను పెట్టుకుంది.

నేనూ కొన్నాళ్ళు మామ్మగారి దగ్గర ఆ దెబ్బ నేర్చుకున్నాను. నాకు అబ్బలేదు. ఈ రోజుకీ ఏ ఇంట్లోనైనా ఆడమనిషి ఏడుపు వినబడితే, మనకెందుకని మావారు అంటున్నా, చెప్పులేసుకుని వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడతాను. భయమేస్తుంది. అయినా నిలబడతాను.