చదవాల్సింది అతను

మా కోడలు కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటే, నేను కింద గోనెపట్టా పరుచుకుని మిరపకాయలకు తొడిమలు తీసేదాన్ని. ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి, "అత్తయ్యా, ఫోన్లో వాళ్ళు నాకేదో జబ్బనుకుంటున్నారు" అని నవ్వేది.

ఆమె పని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఆఫీసు గుంటూరులో. ఈమె మాత్రం మా ఊళ్ళో, మా ఇంట్లో కూర్చునే ఎక్కడెక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు మిషన్లలోకి వెళ్ళి వాటిని చక్కబెట్టి వస్తుంది. ఒకటి పత్తి మిల్లులో ఉంటుంది, ఒకటి కోల్డ్ స్టోరేజీలో, ఒకటి ఆస్పత్రిలో. లోపలికి వెళ్ళబోయే ముందు ఆ మిషను తన ముద్ర చూపిస్తుందంట. రేషను షాపులో మనం వేలు పెట్టినట్టు. నలభైకి పైగా అక్షరాలు, అంకెలు, ఒక వరసా క్రమం లేకుండా ఉంటాయి. అది దాచుకునేది కాదు, ఎవరికైనా చూపించొచ్చు. కానీ అది నిజంగా ఆ మిషను ముద్రేనా అని ఒకసారి తేల్చుకోవాలి. అందుకని మిషను పక్కన నిలబడ్డ మనిషి ఫోన్లో ఒక్కో అక్షరం చదవాలి, ఈమె తన తెర మీద కనిపించే దాంతో సరిచూసుకుని టిక్కు పెట్టుకోవాలి. అన్ని మిషన్ల ముద్రలూ పోగేసి, సరిచూసి, జాబితా కట్టే పని మా కోడలిది.

నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు మా మనవరాలి పలక మీద నేర్చుకున్నవే. కానీ చెవిన పడింది పోదు నాకు. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతి సబ్బుపెట్టెలు తెచ్చుకున్నదాన్ని. అట్లా పత్తి మిల్లు ముద్ర కూడా నోటికొచ్చేసింది. మనవరాలికి అన్నం పెడుతూ "పెద్ద కె, చిన్న కె, తొమ్మిది, చిన్న డబ్ల్యూ" అంటుంటే కోడలు పడీ పడీ నవ్వింది. "మిమ్మల్ని మా ఆఫీసులో పెట్టుకోవాలత్తయ్యా" అంది.

ఆమెకి అప్పుడు ఉద్యోగంలో పరీక్ష కాలం, ప్రొబేషనంట. అది దాటితే ఇంటి దగ్గరే ఉండి చేసుకోవచ్చు. లేకపోతే గుంటూరు వెళ్ళి హాస్టల్లో ఉండాలి. పిల్లకి ఇంకా మూడేళ్ళు నిండలేదు. మా అబ్బాయి లారీ మీద పోతే వారం పదిరోజులకి గానీ ఇల్లు చూడడు. అందుకే ఆమె ఆ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుండేది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున, కోల్డ్ స్టోరేజీ వాళ్ళ మిషను కాలిపోయిందని కొత్తది పెట్టారు. గదుల్లో చల్లదనం ఎంతుందో ఆ మిషనే చెప్పాలి. లోపల రైతుల మిరప బస్తాలు. మధ్యాహ్నంలోగా కలపమని కోడలికి వాళ్ళ ఆఫీసు సారు ఫోను. ఈమె కలపబోతే, ఇది మీకు తెలిసిన ముద్ర కాదు, జాగ్రత్త అని తెర మీద పడింది. అక్కడి గుమాస్తాకి చేస్తే అతను ఎత్తడు. ఇటు చూస్తే పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

చివరికి అతనికి నా నంబరు మెసేజీ పెట్టింది. తెర మీది అక్షరాలు పుస్తకంలో పెద్దపెద్దగా రాసి నా చేతికిచ్చింది.

"అత్తయ్యా, పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చేస్తా. అతను చేస్తే, అక్కడున్నది అతను చదవాలి. మీరు ఇందులో చూసుకోవాలి. మీరు చదవొద్దు. చదవాల్సింది అతను."

"సరేలే, పద. పిల్ల వణికిపోతోంది" అన్నాను.

ఆమె అట్లా వెళ్ళిందో లేదో ఫోను మోగింది. వెనక లారీ హారన్లు, హమాలీల కేకలు.

"పెద్దమ్మగారూ, లోడు దిగుతోందండి, చచ్చేంత పని. మీ దగ్గరున్నది చదివెయ్యండి, నేను చూస్తుంటా."

"నువ్వు చదవాలంట బాబూ."

"ఎవరు చదివితే ఏముందమ్మా! మీరు చదవండి, తేడా ఉంటే చెప్పనా నేను?"

అంత మర్యాదగా అడిగితే కాదనడానికి నోరు రాలేదు. చదివాను. ఒక్కో అక్షరానికీ "అవునండి, అవునండి" అంటున్నాడు. సగం దాటాక నా కన్ను తప్పింది.

"చిన్న ఎమ్."

"అవునండి."

మళ్ళీ చూస్తే అది ఎమ్ కాదు. "కాదు బాబూ, ఎన్."

"అవునండి, ఎన్నే."

ఎమ్‌కీ అవునన్నాడు, ఎన్‌కీ అవునన్నాడు. అసలు చూస్తున్నాడా? అడగాలనిపించింది, అడగలేదు. హారన్ల గోలలో సరిగ్గా వినపడలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని చివరిదాకా చదివేశాను. "అంతా కరెక్టమ్మా" అని పెట్టేశాడు.

కోడలు పిల్లని భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చింది. చెప్పులన్నా విప్పకుండా, "చేశాడా? అతనే చదివాడా?" అంది.

"ఆఁ" అన్నాను.

ఆ ఒక్క మాటే. పిల్లని నా ఒళ్ళో పడేసి కూర్చుంది, సరే అని కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది. కలిసింది. "అమ్మయ్య" అనుకుంది.

నేను మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చున్నాను. తొడిమ తీస్తుంటే ఎమ్, ఎన్, ఎమ్, ఎన్ అని అదే మోగుతోంది చెవుల్లో. ఉండబట్టలేక అడిగాను.

"ఒకవేళ ఆ ముద్ర వేరేదైతే ఏమవుద్దే?"

"ఎవడో దొంగ మన మిషను పేరు పెట్టుకుని మధ్యలో కూర్చున్నట్టు అత్తయ్యా. నేను కొట్టిన పాస్‌వర్డు వాడి చేతికి పోద్ది. మీరు బస్తాలు విడిపించుకోడానికి వెళ్తే ఏం చేస్తారు? 'గుర్తు ఏంటమ్మా' అని అడుగుతారు, మీరు చెప్పాలి. వాళ్ళే 'మీది ఎర్ర చుక్కేనా' అని అడిగితే, వచ్చిన ప్రతివాడూ అవుననే అంటాడు."

నలభై ఏళ్ళుగా బస్తాల మీద గుర్తులు వేయించినదాన్ని. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

"అతను చదవలేదే. నేనే చదివా. తప్పు చదివినా అవునన్నాడు."

ఆమె నావైపు తిరగలేదు. తన కన్నతల్లే ఆ పని చేసుంటే ఈమె ఇల్లెగిరిపోయేలా తిట్టేది. నన్ను ఒక్క మాటా అనలేదు. కనెక్షన్ తీసేసింది, పాస్‌వర్డు మార్చింది, సారుకి ఫోను చేసింది.

"సరిచూడకుండా కలిపాను సార్. లేదు సార్, ఎవరూ చెప్పలేదు. నేనే. నా తప్పే."

నా పేరెత్తలేదు.

సాయంత్రం ఆ గుమాస్తాని మిషను ముందు నిలబెట్టి చదివించారు. అతను చదువుతుంటే ఆమె ఒక్కో అక్షరం కింద గీత పెట్టుకుంటూ పోయింది. నేను పిల్లని పట్టుకుని ఆ ఎన్ ఎప్పుడొస్తుందా అని వింటున్నాను. ఎన్ వచ్చింది. చివరి అక్షరం దాకా అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. దేవునికి స్తోత్రం అని ఏడ్చేశాను.

ఇంకో ఫోను వచ్చింది. ఈసారి సారు. ఆమె "సరే సార్, సరే సార్" అంటూనే ఉంది. జాబితా ఇంకొకరికి ఇచ్చేశారు. సోమవారం నుంచి గుంటూరు వచ్చి వాళ్ళ కళ్ళ ముందు పని చెయ్యాలి, ఎన్నాళ్ళో చెప్పలేం అన్నారంట.

"సరిపోయింది కదే ముద్ర! ఇంకెందుకు?"

"ఇప్పుడు సరిపోయింది అత్తయ్యా. కలిపినప్పుడు మనకి తెలీదు కదా."

"ఫోను కలుపు. తప్పు నాదని నేను చెప్తా ఆ సారుకి. కాళ్ళు పట్టుకుంటా."

"వద్దు. మీరు చెప్తే ఇంకా పెద్ద తప్పవుద్ది. ఆఫీసు పని ఇంట్లోవాళ్ళ చేతికిచ్చిందంటారు. ఉన్నది కూడా పోద్ది."

తప్పు ఒప్పుకోడానికి కూడా నాకు దారి లేకపోయింది.

సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి వస్తుంది. పిల్ల నా దగ్గరే. కిటికీ దగ్గర కుర్చీ చూపించి "అమ్మ ఏదీ?" అంటుంది. వస్తుందమ్మా అంటాను. ఎప్పుడని అడిగితే చెప్పలేను.

మొన్న ఒకరోజు తొడిమలు తీస్తుంటే నా ఫోను మోగింది. ఆ గుమాస్తానే.

"పెద్దమ్మగారూ, ఇంకో మిషను పెట్టారండి. ఈసారి మిషను ముందే నిలబడ్డా. నేనే చదువుతా, మీరు చూసుకోండి."

"మా కోడలు ఇక్కడ లేదు బాబూ, ఆఫీసుకి చెయ్యి" అనేలోపే మొదలుపెట్టేశాడు. ఒక్కో అక్షరం, పెద్దది చిన్నది విడదీసి, ఎంత శ్రద్ధగా చదువుతున్నాడో. ఆపమనలేకపోయాను. చేతిలో ఈసారి పుస్తకం లేదు, కాయ అట్లాగే పట్టుకుని చివరిదాకా విన్నాను.

"సరిపోయిందా అమ్మా?" అన్నాడు.

"నాకు తెలీదు బాబూ" అన్నాను.