సిస్టరమ్మ దేశం దాటని పన్నెండు నెలలు

సిస్టరమ్మ పోయింది. పోయిన నెల మొదటి శనివారం పొద్దున పాలు పోసే ఆమె నా గేటు కొట్టి, "టీచరమ్మా, సిస్టరమ్మ తలుపు తీస్తలేదు. రెండుసార్లు పిల్సిన, పలుకుతలేదు" అంది. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తెరిచాం. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది, దుప్పటి భుజం దాకా కప్పుకుని. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఎవరికీ పని పెట్టకుండా వెళ్లిపోవడం ఆమె పద్ధతే.

శామీర్‌పేట నుంచి ఆమె తమ్ముడి కొడుకులు వచ్చి కార్యం జరిపించారు. తర్వాత మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే ఫారం నింపే అతను, "ఏ దేశస్తురాలు?" అని అడిగాడు. తమ్ముడి కొడుకు నా ముఖం చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. చివరికి అతనే మెల్లగా "బ్రిటిష్" అన్నాడు. ఆ మాట తన పేరు పక్కన ఉండకూడదనే సిస్టరమ్మ చివరి మూడేళ్లూ ఆరాటపడింది. ఉండిపోవడానికి కారణం నేను. ఇది చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాలు ప్లాట్లయిన వైపు మా వీధి. మా ఇళ్లు ఎదురెదురు. మా ఆయన పోయాక బదిలీ మీద ఈ మండలం బడికి తెలుగు టీచరుగా వచ్చి, నేనిక్కడ ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాను. సామాను దించిన రోజే ఎదురింటి నుంచి తెల్లజుట్టావిడ, చీర మీద స్వెటరు, కాళ్లకు బూట్లు, చేతిలో చేపల పులుసు గిన్నెతో వచ్చింది. "ముండ్లు చూసుకోని తిను బిడ్డా, పరేషాన్‌లున్నోళ్లు ముండ్లు చూడరు" అంది. ఆమెది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. నర్సు చదువు చదివి, ఇరవై మూడేళ్లకే ఇంగ్లండ్ వెళ్లి, లీడ్స్‌లో నలభై ఏళ్లు పనిచేసి, రిటైరై తిరిగొచ్చింది. ఊరంతా సిస్టరమ్మ అనే పిలిచేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు "డ్యూటీ ఉండె" అని చెప్పేది.

అక్కడి నుంచి తెచ్చుకున్న అలవాట్లు రెండు. ఒకటి, ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని వీధిలో అందరికీ బీపీ చూడటం. రెండోది లైను. శామీర్‌పేట బస్టాపులో లైనన్నది ఎవరూ ఎరగరు. సిస్టరమ్మ మాత్రం స్తంభం పక్కన నిటారుగా నిలబడేది. బస్సు వచ్చేది, జనం మీదపడి ఎక్కేవాళ్లు, బస్సు పోయేది, ఆమె అక్కడే ఉండేది. రెండు బస్సులు అలా పోయాక ఒకసారి నాకు ఒళ్లు మండి, "ఎక్కడుంది సిస్టరమ్మా లైను?" అన్నాను. "నేనున్న గద. నా ఎనక నువ్వు నిలబడు, ఇద్దరమైతం" అంది. నిలబడ్డాను. మూడో బస్సు కూడా పోయింది.

ఆమె దగ్గర పాస్‌పోర్టులాంటి చిన్న పుస్తకం ఒకటి ఉండేది. దాన్నే ఓసీఐ, అంటే 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' కార్డు అంటారు. ఇక్కడ పుట్టి వేరే దేశపు పౌరులైన వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది. దానితో ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. పేరులో పౌరసత్వం ఉంటుంది కాని ఓటుండదు. వ్యవసాయ భూమి కొనడానికి లేదు. చెరువు దిగువన నాలుగు గుంటలు కొని గోంగూర, బెండ వేసుకుందామని సిస్టరమ్మ ఆశపడింది. రిజిస్ట్రేషన్ పనులు చూసే అతను, ఈ కార్డు మీద ప్లాటయితే కొనొచ్చు గాని పొలం కుదరదన్నాడు. "ప్లాటేస్తె కొనొచ్చు, పంటేస్తె కొనొద్దు. మంచిగుంది" అంటూ ఇంటికొచ్చి కుండీల్లో గోంగూర గింజలు చల్లింది.

ఓట్ల రోజు మాతో పాటు తయారై వచ్చేది, ఇస్త్రీ చీరతో. పోలింగు గదిలోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి వీధి వాళ్లందరి ఫోన్లూ ఆమె ఒడిలో. బడి గేటు బయట అరుగు మీద కూర్చుని, మోగిన ఫోనల్లా ఎత్తి, "లోపట ఓటేస్తాంది, జరసేపాగి చెయ్యుర్రి" అని చెబుతుండేది. మేం బయటికి రాగానే నా వేలు పట్టుకుని సిరా చుక్కను కుట్లు చూసినట్టు తిప్పి తిప్పి చూసేది. "మంచిగ పెట్టిండ్రు" అని వదిలేసేది. మేమంతా సరదాగా మాట్లాడుకుంటూ ఇంటికి నడుస్తుంటే ఆమె కాస్త వెనకపడేది. అప్పట్లో నేను మోకాళ్ల నొప్పులనుకున్నాను.

సంగతి తర్వాత తెలిసింది. ముప్పై ఆరో ఏట అక్కడి పౌరసత్వం తీసుకుందట, ఉద్యోగానికి, పెన్షనుకు వీలుగా ఉంటుందని. సెలవుల్లో వచ్చి కొత్త పాస్‌పోర్టు చూపిస్తే, వల కుడుతున్న తండ్రి తలెత్తకుండానే, "అయితె ఇగ నువ్వు మనదానివి కాదా బిడ్డా?" అని అడిగాడట. ఈమె నవ్వి, "కాగితమే బాపూ" అంది. మరుసటి ఏడు ఆయన పోయాడు. "కాగితమే అన్న ఆయనతోని. కాగితమే అయితె మార్సుకోవాలె గద నేను" అని నాతో అన్నప్పుడు సిస్టరమ్మకు డెబ్బై దాటింది.

మార్చుకోవడానికి దారి ఉంది. ఐదేళ్లుగా ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు భారత పౌరసత్వం తిరిగి కోరవచ్చు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఈ దేశంలోనే ఉండాలి. మంజూరవుతుందని తేలితే అవతలి పౌరసత్వం వదులుకోవాలి. ఏటా ఒకసారి లీడ్స్ వెళ్లొచ్చే అలవాటున్న మనిషి ఆ ఏడు టికెట్ కొనలేదు.

పదో నెలలో అక్కడి నుంచి ఫోను వచ్చింది. ఆమెతో పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉన్న కేరళ నర్సు చనిపోయింది. సిస్టరమ్మకు తోబుట్టువు కన్నా ఎక్కువ. ఇలాంటి కారణం మీద కొద్దిరోజులు వెళ్లొస్తే మినహాయింపు ఇస్తారని ఎవరో చెప్పారు. ఆమె వినలేదు. "నడుమ తెగితె ఎంత మంచిగ ముడేసినా కనిపిస్తది" అంది. మా ఇంట్లో ఇంటర్నెట్ బాగా వస్తుందని అంత్యక్రియల వేళకు ఫోను పట్టుకుని వచ్చింది. ఊరగాయ జాడీకి ఆనించి పెట్టుకుని, గంటన్నర సేపు కుర్చీలో కదలకుండా చూసింది. మే నెల ఎండలో, నల్ల స్వెటరు వేసుకుని. అయిపోయాక "సల్ల ఉంటె ఇన్ని పొయ్యి బిడ్డా" అని అడిగింది. మజ్జిగ గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకుని కూర్చుందే గాని తాగలేదు.

ఇక నా నిర్వాకం. మా వీధికి వారానికి ఇద్దరైనా భూముల బ్రోకర్లు వస్తారు. సిస్టరమ్మది మూల మీది ప్లాటు. ఒంటరి ఆడమనిషి, పైగా విదేశం నుంచి వచ్చిందని తెలిస్తే గేటు దగ్గరే కాపురం పెడతారు. అందుకని ఆమే నాకు ఒక మాట నేర్పింది. "ఎవరడిగినా లండన్ పోయింది, ఎప్పుడొస్తదో తెల్వదను." లీడ్స్ అంటే ఎవరికీ అర్థం కాదని లండన్. నేను ఆ మాట బాగా వంటబట్టించుకున్నాను. ఆర్నెల్లకోసారి వస్తదని, వచ్చినా ఎవరితోటి మాట్లాడదని సొంత కవిత్వం కూడా కలిపాను. ఆమె కర్టెను వెనక నిలబడి నవ్వు ఆపుకునేది.

దరఖాస్తు పెట్టాక ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు చూపించుకోవడానికి మేడ్చల్ వెళ్లింది. నేను వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎవరో బండి ఆపాడు. మామూలు ప్యాంటూ చొక్కా. ఆమె ఇల్లు అటూ ఇటూ చూసి ఫోనులో ఫొటో తీసుకున్నాడు. బ్రోకర్లూ అంతే చేస్తారు. "మేడమ్, గీ ఇంట్ల ఉండే ఆమె ఏది?" అన్నాడు. అప్పటికే మళ్లీ పేపర్లో పడ్డ నేను తల ఎత్తలేదు. "లండన్ పోయింది."

"ఎన్ని దినాలాయె?"

"ఆర్నెల్లయితాంది. ఎప్పుడొస్తదో తెల్వది."

అతను చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని "థాంక్స్ మేడమ్" అన్నాడు. బ్రోకర్లు థాంక్స్ చెప్పరు. అప్పుడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. సాయంత్రం ఆమె రాగానే "ఇంకొకణ్ణి తరిమిన సిస్టరమ్మా" అని గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆమె సంతోషించి వేయించిన చేప ముక్కలు రెండు పంపింది. తిన్నాను.

రెండు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు విదేశంలో ఉన్నట్టు ఇరుగుపొరుగు విచారణలో తెలిసిందని, నివాసం రుజువు కాలేదని. సిస్టరమ్మ రోడ్డు దాటి వచ్చి కాగితం నా చేతిలో పెట్టింది. "నువ్వేనా?" అని అడిగింది. ఆ లండన్ మాట నా దగ్గర విని వీధిలో అందరూ నేర్చుకున్నదే, నేను కాదనవచ్చు. "నేనే" అన్నాను. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడతలు సరిచేసుకుని వెళ్లిపోయింది.

ఆఫీసుకు వెళ్లి పాస్‌పోర్టులో దేశం దాటిన ముద్ర లేదని చూపించింది. నివేదిక ఒకలా, పాస్‌పోర్టు ఒకలా ఉన్నప్పుడు మళ్లీ కొత్తగా పెట్టుకోవడమే దగ్గరి దారని ఎవరో సలహా ఇచ్చారట. ఆ వారమంతా ఆమె తలుపు నాకోసం తెరుచుకోలేదు. ఆదివారం వరండాలో బీపీ మిషన్ లేదు. నేను రోజుకు నాలుగుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. అన్నం వండుకుని తినకుండా పడుకున్న రోజులున్నాయి. స్నేహితురాలి కడసారి చూపు వదులుకుని కూడబెట్టుకున్న పన్నెండు నెలలను నేను తల కూడా ఎత్తకుండా ఒక్క మాటతో తుడిచేశాను.

సోమవారం సాయంత్రం ఆమే వచ్చింది, మిషన్ పట్టుకుని. "చెయ్యి ఇయ్యి" అంది. పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, "ఎక్కువున్నది. ఉప్పు తగ్గించు" అంది. పట్టీ విప్పుతూ నా వైపు చూడకుండా, "నేర్పింది నేనే గద. నా పాఠం నువ్వు మంచిగ చదివినవ్" అంది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడ్వకు. ఇంకోసారి చూడాలె, మిషన్ తప్పు చూపిస్తది" అంటూ నా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది.

రెండో దరఖాస్తు నేనే దగ్గరుండి నింపాను. అప్పటి నుంచి సిస్టరమ్మ పొద్దున్నే గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. విచారణకు ఎవరొచ్చినా తను కనపడాలని. బ్రోకర్లు ఎగబడ్డారు. "ఇక్కడనే ఉన్న నాయినా, యాడికి పోలే, జాగ అమ్మను" అని ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేది. వీధిలో బండి నెమ్మదిస్తే చాలు, లేచి నిలబడేది. బండి పక్కింటికి పోయేది. మళ్లీ కూర్చునేది. బడికి పోతూ వస్తూ చూసేదాన్ని. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. నేను సెలవు పెట్టి తోడు కూర్చుంటానంటే, "పిల్లల పాఠాలు పోతయి, పో" అని కసిరేది.

ఆమె పోయిన పదకొండో రోజున ఎదురింటి ముందు బండి ఆగింది. ఇంకెవరో కొత్త మనిషి. రోడ్డు దాటి నా గేటు దగ్గరికి వచ్చి, "మేడమ్, ఎదురింట్ల ఉండే ఆమె ఇక్కడనే ఉంటదా?" అన్నాడు. ఈసారి ముందు "మీరెవరు?" అన్నాను. విచారణకు వచ్చానని గుర్తింపు కార్డు చూపించాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"ఇక్కడే ఉంది. దరఖాస్తు పెట్టకముందు ఏడాదికి పైగా, పెట్టిన తర్వాత కూడా ఒక్కరోజు దేశం దాటలేదు. రాయండి" అన్నాను. రాశాడు. "ప్రాణస్నేహితురాలు చచ్చిపోయినా పోలేదు. అది కూడా రాయండి."

"గదంత రాయనీకి జాగ లేదు మేడమ్."

"అంచున రాయండి."

నా ముఖం చూసి అంచున రాశాడు. కింద నేను సంతకం చేశాను. అప్పుడు చెప్పాను, ఆమె పోయిందని. కలం మూత చేతిలోనే ఉండిపోయింది అతనికి. "ముందుగాల చెప్పాలె గద మేడమ్" అన్నాడు. ముందే చెబితే మీరు రాసేవారు కాదన్నాను. కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. చింపలేదు, కొట్టెయ్యలేదు.

లేస్తూ, "ఇంటి ఫొటో అయితె కావాలె. దరఖాస్తు పెట్టినోళ్లను ఇంటి ముంగట నిలబెట్టి తీస్తం" అని నసిగాడు.

"నేను నిలబడతాను" అన్నాను.

రోడ్డు దాటి ఆమె గేటుకు ఒక పక్కగా నిలబడ్డాను. "జర నడుమకు రార్రి మేడమ్" అన్నాడు. నేను కదలలేదు. అతను రెండడుగులు వెనక్కి వేసి, నా పక్కనున్న ఖాళీ కూడా వచ్చేలా ఫోను ఎత్తి పట్టుకున్నాడు.