గుడ్డ కట్టిన మోదుగలు

2018 ఎండాకాలం. దేవరకొండ అవతల ఒక రాళ్ల గుట్ట మీద మోదుగ చెట్లను గమనించడం నా ఉద్యోగం. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుంది, ఎప్పుడు పూస్తుంది, ఏ పిట్ట ఎప్పుడు గూడు కడుతుంది అని ఏళ్ల తరబడి చూసి రాసుకునే విద్యను ఫినాలజీ అంటారు. ఎండలూ వానలూ మారుతుంటే చెట్టు తన వేళ మార్చుకుంటోందా అని తెలిసేది అలాగే. "చెట్లను చూసినందుకు జీతమిస్తరా?" అని మహబూబ్‌నగర్‌లో మా చుట్టాలు నవ్వేవాళ్లు. ఇస్తారు. ఒక్క మధ్యాహ్నం ఆ గుట్ట మీద నిలబడి చూస్తే ఎందుకిస్తారో తెలుస్తుంది.

గుర్తు కోసం కొన్ని చెట్లకు నీలం గుడ్డపేలికలు కట్టాను. కొన్నాళ్లకు ఒక వింత కనిపించింది. నా చెట్లన్నీ ముదురాకుతో నిండుగా ఉన్నాయి. చుట్టూ ఉన్న మిగతా మోదుగలేమో అప్పుడే లేత చిగురు వేస్తున్నాయి. ఒకే గుట్ట, ఒకే ఎండ, ఈ తేడా ఏమిటి?

మోదుగాకులతో ఇస్తరాకులు కుట్టే సాలమ్మ ఆకుల మూట దించుకుంటుంటే అడిగాను. "పెద్దమ్మా, అన్ని చెట్ల ఆకు తెంపిండ్రు, నావి ఎందుకు ముట్టలే?"

"గుడ్డ కట్టి ఉన్నది గద బిడ్డా! ఒగలు గుడ్డ కట్టుకున్న చెట్టు ఇంకొగలు ముడ్తరా? కొట్లాటలైతయి," అంది. తర్వాత నన్ను కిందికీ పైకీ చూసి, "గిన్ని చెట్లు పట్టుకున్నది, ఈమె మొఖానికి ఒక్క ఇస్తరన్న కుట్టొస్తదా అని నవ్వుకున్నం," అంది. నాకూ నవ్వాగలేదు.

ఆకు తెంపిన చెట్టు మళ్లీ చిగురిస్తుంది. నా పేలికలు నా చెట్లను కాపాడి, గుట్టంతటికీ వేరుగా చేశాయి. ఈ మాట చెప్తే మా ప్రాజెక్టు సారు సంబరపడ్డారు. గుట్ట చూడ్డానికి వచ్చి, "మిగతావి కూడా ఇలాగే ఉండాలి. మనుషుల చెయ్యి పడితే వాతావరణం సంగతి ఎలా తెలుస్తుంది? వీళ్లను రానివ్వకుండా కంచె వేయిద్దాం. అటవీ శాఖకు ఉత్తరం నువ్వే రాయి," అన్నారు.

అక్కడే కూర్చుని పుల్లలతో ఆకులు కుడుతున్న సాలమ్మ తలెత్తింది. "పెండ్లిళ్ల దినాలు సారూ. గిప్పుడు ఆకు లేకుంటే మేమేం తినాలె?" అంది. ఆయన వినిపించుకోలేదు. నాకు ఒళ్లు మండింది.

"నేను రాయను సార్," అన్నాను.

"నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది, గుర్తుందా?"

"గుర్తుంది. సగం చెట్లకు పేలికలు విప్పేస్తాను. తెంపినవీ తెంపనివీ పక్కపక్కన చూద్దాం. వాతావరణం చేసింది ఎంతో, మనిషి చేసింది ఎంతో రెండూ తెలుస్తాయి."

"రీసెర్చ్ పేపర్లో ఇదంతా పెట్టడానికి చోటెక్కడుంది?"

"లేకపోతే చోటు చెయ్యండి సార్. ఈ గుట్ట మీద వీళ్లకు జాగా ఉంది."

మరునాడే నేనూ సాలమ్మా కలిసి సగం చెట్ల పేలికలు విప్పాం. నెలాఖరుకి నా కాంట్రాక్టూ పోయింది. ఉత్తరం రాసేవాళ్లు లేక కంచె మాత్రం పడలేదు. ఆ వేసవి సాలమ్మ ఆకు ఆగలేదు. జీతం లేకపోయినా బస్సెక్కి వెళ్లి చూస్తూనే ఉన్నాను, ఎవడొద్దంటాడు? తెంపిన చెట్లు త్వరగా చిగురించాయి కానీ, మరుసటి ఏడు వాటి పూత వెనకబడింది. తర్వాత నన్ను పనిలోకి తీసుకున్న బృందం తెంపినవీ తెంపనివీ రెండు రకాల చెట్లనూ అలాగే ఉంచింది.

ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు, చెట్టుకు గుర్తు కట్టేముందు అది ఎవరి చెట్టో అడగమంటాను. సభల్లో ఎవరో ఒకరు లేచి, మీ డేటాలో మనుషుల చెయ్యి పడిందంటారు. పడింది, అంటాను. చెయ్యి పడని గుట్ట మా దేవరకొండ చుట్టుపక్కల ఎక్కడుందో చూపించండి, రేపే పోయి గుడ్డ కట్టి వస్తాను.