ఉప్పెద్దుల గండి

నీ మంచికే చేశారు కదా అని, ఈ సంగతి తర్వాత తెలిసినవాళ్ళు నాతో అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరికీ సొంతంగా వెతికి పట్టుకున్నదంటూ ఏదీ లేదు. ఉంటే ఆ మాట అనరు.

నేను చండ్రుగొండ వైపు మనిషిని. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపి బతికాను. ఆట మొదలయ్యాక గేటు దగ్గర పని ఉండదు. ఆ ఖాళీలోనే అక్షరాలు దిద్దుకున్నాను, చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. బడికి పోనివాణ్ణి కాబట్టి నేను ఏం చెప్పినా టీ హోటల్లో నవ్వేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హాలు మూతపడింది. నేను గుట్టల వెంట తిరగడం మొదలుపెట్టాను. దానికీ నవ్వారు. ముసలాయనకు గుట్టల పిచ్చి పట్టిందన్నారు. రోడ్లు పడక ముందు మనుషులు ఈ గుట్టలను ఎక్కడెక్కడ దాటారో తెలుసుకోవాలనుకోవడం పిచ్చి ఎట్లా అవుతుంది?

రెండు గుట్టల నడుమ సందును మావైపు గండి అంటారు. కొన్ని గండ్లు కట్టెలకు పోయేవాళ్ళకు తెలుసు, ఇంకొన్ని గూడేల వాళ్ళకు తెలుసు. ఎవరూ నడవనివి పొదల కింద పూడిపోయాయి. అవే నాకు కావలసింది.

తోడు ఒక్కడే, బజారులో గొడుగులు, తాళాలు బాగుచేసే సాయిబు. నాకంటే చిన్నవాడు. వానలు వెనకబట్టి గడ్డి ఎండే రోజుల్లో అతను దుకాణం మూసేవాడు, ఇద్దరం సద్ది కట్టుకొని బయలుదేరేవాళ్ళం. కొత్త గండి ఏదైనా ఇద్దరం కలిసే ఎక్కాలి, ఒకడు ముందుపోయి చూసి రాకూడదు. ఇదీ మా మధ్య మాట. ఒట్టు పెట్టుకోలేదు. ఒట్టు కావాలని నాకు తోచలేదు.

పాత గండ్ల నెత్తిన రాళ్ళ కుప్ప ఉంటుంది. దారి దేవతదంటారు. మొదటిసారి ఎక్కినవాడు పచ్చని రెమ్మ విరిచి దాని మీద పెట్టాలి, కొత్తవాణ్ణి, దారి ఇవ్వమని. ఇదివరకు వచ్చినవాడు ఒక రాయి వేసి పోతే చాలు. సాయిబు నమాజు తప్పని మనిషి, ఈ పద్ధతి కూడా తప్పేవాడు కాదు. ఒకసారి నేను రెమ్మ మరిచి దిగిపోతుంటే వెనక్కి పిలిచాడు.

"ఏందన్నా, టికెట్ లేకుంట లోపలికి పోతున్నవ్! నలుగురి టికెట్లు చింపినోడివి నువ్వేనా?"

నేను ఏళ్ళ తరబడి వెతికింది ఉప్పెద్దుల గండి. మా అమ్మమ్మ చిన్నతనంలో ఉప్పు ఎద్దుల మీద గుట్ట దాటి వచ్చేదట. ఎటునుంచి అని అడిగితే తూర్పుకేసి చెయ్యి ఊపేది, అంతే. నేను అడిగిన పెద్దవాళ్ళెవరూ దారి చెప్పలేకపోయారు. చివరికి నాకు చింతచెట్లు చెప్పాయి. ఊరూ పేరూ లేనిచోట, వాగు వెంబడి, ముసలి చింతలు దూరం దూరంగా ఒకే వైపుకు సాగుతున్నాయి. అడవిలో చింత అట్లా వరుసగా దానంతట అది మొలవదు. ఎద్దుల బరువు దించుకొని, వండుకొని తిన్నవాళ్ళు గింజలు ఉమ్మిన చోట్లు అవి. వాటి వెంట పోతే గండి దొరకాలి. ఈ ఆలోచన నాది. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పంతులూ చెప్పలేదు.

ఆ ఏడు నా మోకాలు వాచింది. దవాఖానాలో డాక్టరు ఇక గుట్టలు మానుకోమన్నాడు. ఇంకొక్క ఎక్కుడుకే ఈ కాలు పనికొస్తుందని నాకే తెలుస్తున్నది. ఆ ఒక్కటీ ఉప్పెద్దుల గండి కావాలి, దాన్ని నేనే కనుక్కోవాలి. ఈ మాట సాయిబుకూ, మా ఇంటామెకూ చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. ఆమె అంత తేలికగా సరేనన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఒక చలి పొద్దున బయలుదేరాం. చివరి చింత దగ్గర వాగు రెండు పాయలవుతుంది. నేను ఎడమ పాయ పట్టాను. వెనక సాయిబు ఆగి చెప్పు విప్పాడు.

"ముల్లన్నా. జర ఆగు."

ఆగి అటూ ఇటూ చూస్తే, కుడి పాయ ఒడ్డున రాళ్ళు నున్నగా కనిపించాయి, గిట్టలు తగిలి తగిలి అరిగినట్టు.

"సాయిబూ, ఇటు కాదయ్యా, అటు! ఆ రాళ్ళు చూడు!"

"అబ్బ, ఏం కన్నన్నా నీది! నేనైతే ఎటో పోదును."

ఆ రోజు అతనికి చాలా ముళ్ళు గుచ్చుకున్నాయి. అతను చెప్పు విప్పినప్పుడల్లా నేను ఆగాను, ఆగినప్పుడల్లా సరైన దారి నా కంటనే పడింది. ఒకచోట రేగుకంప నరికి పక్కకు నెట్టి ఉంది. మొదళ్ళు ఇంకా పూర్తిగా ఎండలేదు. ఎవరు కొట్టారో అన్నాను. తేనెకు వచ్చినోళ్ళయి ఉంటరన్నాడు. నమ్మాను. అంత సంతోషంలో ఉన్నాను మరి.

చివరి ఎక్కుడు చేతులు కూడా ఆనించి ఎక్కాను. గాలి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. అవతల లోయ, లోయ అవతల మంచులో ఇంకో గుట్టల వరుస. నా ముందర రాళ్ళ కుప్ప, నాచు పట్టి, సగం నేలలోకి దిగబడి. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మమ్మ తిన్న ఉప్పు ఇక్కడినుంచే దిగింది. ఊరికే కళ్ళు తుడుచుకొనే మనిషిని కాను నేను, కానీ ఆ రోజు తువ్వాలు తడిసింది.

రెమ్మ కోసం వెతుకుతుంటే, సాయిబు మామూలుగా వంగి, ఒక రాయి తీసి కుప్ప మీద వేసి, చేతులు దులుపుకున్నాడు.

నేను అతని మొహం చూశాను. అప్పుడు తెలిసింది అతనికి, తన చెయ్యి ఏం చేసిందో. గబుక్కున పక్కనున్న కొమ్మ అందుకోబోయాడు.

"ఉండనియ్," అన్నాను. "ఎప్పుడొచ్చినవ్?"

"అన్నా..."

"ఎప్పుడొచ్చినవని అడుగుతున్న."

"మొన్న ఐతారం కాదు, అంతకు ముందటి ఐతారం. మా బామ్మర్దిని తోలుకొని." అక్కడే కూలబడ్డాడు. "నీ మోకాలు చూస్తె భయమైందన్నా. దారి లేకుంటె నువ్వు వెనక్కి రావు, ఈడనే కూసుంటవ్. ఒకపారి చూసొద్దమనుకున్న. వదినె గూడ గదే అన్నది."

"ఏమన్నది?"

"ఆయనకు తెల్వకుంట చూసి రా తమ్మీ, దారి ఉంటెనే తీస్కపో, అన్నది."

"ఒక్క ముల్లన్న గుచ్చుకున్నదా ఇయ్యాల నీకు?"

"లేదన్నా."

దాగుడుమూతల్లో పసివాడు ఎదురుగా వచ్చి నిలబడినా, పెద్దవాళ్ళు దొరికిపోయినట్టు నటిస్తారు. పసివాడు చప్పట్లు కొడతాడు. దారంతా నేను కొట్టిన చప్పట్లన్నీ గుర్తొచ్చాయి.

"చింతల లెక్క నీదే గదన్నా," అన్నాడు సాయిబు.

"నాది కాబట్టే నీకు చెప్పిన. చెప్పినందుకే నువ్వు పోయినవ్."

రెమ్మ విరిచి పెట్టాను. అక్కడ కొత్తవాణ్ణి నేనొక్కణ్ణే. అవతలికి దిగబుద్ధి కాలేదు, వెనక్కి తిరిగాను. దిగేటప్పుడు నా భుజం పట్టుకోబోయాడు. విదిలించాను.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. మా ఇంటామె నీళ్ళ చెంబుతో గడపలో నిలబడి ఉంది. సంతోషపడడానికి సిద్ధమైన మొహం.

"దొరికిందా?"

"లేదు. ఆడ దారే లేదు."

"లేకపోవుడేంది?" అని ఆమె నోరు జారింది. "కుడి పాయ పట్టుకొని పోలేదా మీరు?"

వాకిట్లో సాయిబు తల దించుకున్నాడు. నేను చెంబు అందుకొని నీళ్ళు తాగాను. ఆమె అప్పుడు మొదలుపెట్టింది, నీ కాళ్ళ గురించి నేను కాకపోతే ఎవరు చూస్తరని. ఆమె బాధ నాకు అర్థం కాక కాదు. నలభై ఏళ్ళు నా అన్నం తెలిసిన మనిషి, నా ఆకలి ఏమిటో తెలియలేదని నా బాధ.

మర్నాడు టీ హోటల్లో అడగనే అడిగారు.

"ఏంది పెద్దమనిషీ, దొరికిందా ఉప్పు గండి? ఉప్పు మూట కట్టుకొచ్చినవా?"

"దొరకలేదు," అన్నాను.

అందరూ నవ్వారు. మూలన కూర్చున్న సాయిబు గ్లాసు కింద పెట్టి లేచాడు.

"దొరికింది. అన్ననే కనుక్కున్నడు. నేను ఎంట ఉన్న, నా కళ్ళతోని చూసిన."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ నా వైపు తిరిగారు. ఆ హోటల్లో నన్ను వాళ్ళు అట్లా చూడడం అదే మొదలు. అవ్ అంటే చాలు, గండి నాదైపోయేది.

"సాయిబు అబద్ధమాడుతుండు," అని టీ తాగడం మొదలుపెట్టాను.