ఆ ఒక్క ఇంగ్లీషు మాట

‘అడ్జస్ట్’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బెజవాడ సిటీ బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషి ఇరుక్కోవాలన్నా అదే మాట. కూరలో ఉప్పు ఎక్కువైనా, అద్దింట్లో నీళ్లు రాకపోయినా, కొత్త కోడలు కళ్లు తుడుచుకుంటున్నా అదే. ఇంగ్లీషువాడు దానికి ఎన్ని అర్థాలు పెట్టుకున్నాడో గానీ, మనవాళ్లు ‘నోరు మూసుకో’ అనడానికి కూడా దాన్నే వాడతారు.

నాన్న కాలు విరిగినప్పుడు ఆ మాట మా ఇంట్లో కాపురం పెట్టింది. హనుమాన్ జంక్షన్ దగ్గర బండి మీంచి పడ్డాడు. బెజవాడలో ఆపరేషన్ చేసిన డాక్టరు, "పాదంలో బలం పూర్తిగా రాదండీ. మెల్లగా అడ్జస్ట్ అవుతారు" అన్నాడు. నాన్న చీరలు నేస్తాడు. మాది గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి పలకలు తొక్కితేనే నేత సాగుతుంది. మామయ్య ఆసుపత్రికి వచ్చి, "బట్టల కొట్లో కూర్చోండి బావగారూ, నాలుగు రోజుల్లో మీరే అడ్జస్టయిపోతారు" అన్నాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. మామయ్యను చెడామడా తిట్టాలనిపించింది.

అప్పటికి నాన్న నేస్తున్న చీర మగ్గం మీద సగంలో ఉంది. మా ఇళ్లల్లో ఒకరు మొదలుపెట్టిన చీర మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. పోగును బిగించే దెబ్బ మారితే గుడ్డ మారిపోతుంది. అమ్మకు అది తెలియక కాదు. నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మగ్గం దుమ్ముపట్టి కనిపిస్తే ఆయన మనసు విరిగిపోతుందని, జానెడు నేసి పెట్టింది.

ఇంటికి వచ్చిన రోజే నాన్న గోడ పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లాడు. చీర మీద చెయ్యి ఆనించి నిమిరాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కణ్ణుంచి నాది కాదు," అన్నాడు. "నేనింక కూర్చోలేనని అనేసుకున్నారన్నమాట."

"అయ్యో రామ! అంత మాటెందుకండీ?" అంది అమ్మ.

మర్నాడు కూర్చుని ఆ జానెడూ పోగు పోగుగా విప్పేసింది. నాన్నను మగ్గం ముందు కూర్చోబెట్టి, "జరగండి," అంటూ పక్కనే ఇరుక్కుని తన కాళ్లు గుంటలోకి దించింది. అమ్మ తొక్కింది. నాన్న పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆడించి దెబ్బ వేశాడు. ఆవిడ కాలు ముందు పడుతోంది, ఆయన చెయ్యి వెనకబడుతోంది. పోగు తెగింది. అతికారు. మళ్లీ తెగింది.

కన్నీళ్లు చీర మీద పడకుండా నాన్న తల పక్కకు తిప్పుకున్నాడు. ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. ఆ దిక్కుమాలిన మాటే నా నాలుక చివరికొచ్చింది. మింగేశాను.

"ఇంకోసారి తొక్కవే," అన్నాడు నాన్న, కళ్లు తుడుచుకోకుండానే.